ఎడమచేతి చుట్టు

పలాసలో మోటార్లు చుట్టే మావ పోయారని మొన్న మా పక్కింటాయన చెప్పారు. మిక్సీ బాగుచేయించుకుందామని టెక్కలి నుంచి అంతదూరం వెళ్ళి, షాపు మూసి ఉండటం చూసి తిరిగొచ్చారు. "నిన్న పొద్దున్న పోయారట. ఇక ఈ మిక్సీ ఎవరికివ్వాలండీ?" అని మిక్సీని చంకలోంచి దించకుండానే అడిగారు.

నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, చిరాకు. ఆ మనిషి ఏ పనీ చెప్పిన రోజుకి చేయలేదు. ఏ మాటా ఒక్కసారికి అర్థమయ్యేలా చెప్పలేదు. ఆయన మీద నాకున్న కోపమంతా ఒకసారి కూర్చోబెట్టి వినిపించాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. వినకుండానే వెళ్ళిపోయారు.

ఆయన పేరు నాకు తెలియదు. కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో ఆయన షాపు. బోర్డు మీద "ఇచ్చట మోటార్లు చుట్టబడును" అని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎండాకాలంలో ఓల్టేజి పడిపోయి ఉద్దానం తోటల్లో పంపుమోటార్లు కాలిపోతే, వాటిని ఆటోల్లో వేసుకొచ్చి ఆయన గోడవారగా దింపేవారు. అందరూ మావా అనే పిలిచేవారు. ఆయన అందర్నీ నువ్వు అనేవారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, మెడలో తాడు కట్టిన కళ్ళజోడు. కరెంటున్న వస్తువు ముట్టుకునేటప్పుడు ఎడమచెయ్యి వెనక్కి పెట్టి లుంగీలో దోపుకునేవారు. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందట. అలవాటైపోయి, టీ తాగేటప్పుడు కూడా ఆ చెయ్యి వెనకే ఉండేది.

నేను రిటైరైన ఏడాది, స్లాబు కారుతోందని అటక మీది సామాను దించుతుంటే మా నాన్న టేపు రికార్డరు బయటపడింది. క్యాసెట్టు రకం కాదు. రెండు పెద్ద చక్రాల మీద టేపు తిరిగే పాతకాలపుది. నాన్న తెలుగు మాస్టారు. విశాఖలో ఎవరో అమ్ముతుంటే తెచ్చి, బడిపిల్లల చేత పద్యాలు చదివించి అందులో పట్టేవారు. నేను పదో తరగతిలో ఉండగా అది కాలిపోయింది. నలభై అయిదేళ్ళుగా మూత తియ్యలేదు. చేతిలో పని లేదు కదా, బాగుచేయిద్దామనిపించింది. టెక్కలిలో ఇద్దరు చూసి దండం పెట్టేశారు. రెండో అతను పలాస మావ దగ్గరికి పొమ్మన్నాడు. "ఓపికుంటేనే ఎల్లండి" అని కూడా అన్నాడు. ఆ ముక్క నేను పట్టించుకోలేదు.

మొదటిరోజు ఆయన డబ్బా వైపు చూడనే లేదు. నా వైపు చూశారు.

"ఏటి జరిగినాది?"

"పనిచేయడం లేదండి."

"అది నాకు అగుపడతంది. ఆగిపోయే ముందర ఏటి జరిగినాదీ అని. వాసనొచ్చిందా?"

"ఏమో, ఎప్పటి మాటో."

"సప్పుడొచ్చిందా?"

"ఏదో... గుంయ్ మని వచ్చినట్టుంది."

"గుంయ్ అంటే? నోటితో అను."

షాపులో నలుగురు రైతులున్నారు. ముప్పై రెండేళ్ళు గవర్నమెంటాఫీసులో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఆ నలుగురి ముందూ నోరు మూసి "మ్..." అన్నాను.

"ఇంకా లావుగానా?"

"మ్మ్..."

"సరే, కూకో" అన్నారు, ఏదో పరీక్షలో పాసైనట్టు. రైతులు తలలు దించుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆయన డబ్బా వెనక తలుపు విప్పి, లోపలికి ముక్కు దూర్చి వాసన చూశారు. లైటు వేయలేదు, మీటరు పెట్టలేదు. కాసేపు అలాగే ఉండి, "వారం పోయేక రా" అన్నారు.

వెనకింట్లోంచి ఆయన భార్య చాటతో జీడిపప్పు పట్టుకొచ్చి గడపలో కూర్చుని పొట్టు తీస్తోంది. నన్ను జాలిగా చూసింది.

"ఈయనకిచ్చీసినావా బాబూ? ఇక అయినట్టే. నన్ను సూసుకోడానికి మా ఇంటికొచ్చి, పంకా సప్పుడు సేత్తందనీసి స్టూలెక్కి ఇప్పీసినాడు. పంకా బాగుసేసి ఎలిపోనాడు. నా మొకం సూడనేదు. ఇంటికెల్లి, పిల్ల బాగుందని సెప్పీసినాడట."

"పంకా బాగా తిరిగినాది కాదేటి?" అన్నారాయన తలెత్తకుండా.

వారం తర్వాత ఫోన్ చేశారు. "దొరికింది. రా." ఉన్న పని వదిలేసి బస్సెక్కాను. వెళ్ళి చూస్తే రికార్డరు పేగులు తీసినట్టు బల్ల మీద పరిచి ఉంది.

"బాగైపోయిందన్నారు కదా?"

"బాగైపోనాదని ఎవుడన్నాడు? తప్పు దొరికిందన్నాను. సూత్తావని రమ్మన్నాను."

అది చూడటానికి నేను ముప్పై కిలోమీటర్లు రావాలా? కానీ ఆయన నన్ను వంగోబెట్టి మరీ చూపించారు. కరెంటు గోడలోంచి వచ్చి మొదట ఫ్యూజులోకి, తర్వాత ట్రాన్స్‌ఫార్మరులోకి వెళుతుంది. అక్కడ చిన్నదై, నాలుగు డయోడ్ల గుండా ఒక వైపుకి తిరిగి, పెద్ద కండెన్సరులో నెమ్మదిస్తుంది. ఆ నాలుగు డయోడ్లలో ఒకటి ఏనాడో చచ్చి కూర్చుంది.

"ఈడు సచ్చినాడు. అప్పుడు ఫ్యూజు పోనాది. ఫ్యూజెందుకు పోతాది? లోన బాగోనేదురా, నన్ను దాటి ఎల్లకండి అని సెప్పడానికి. అది సెప్పింది. ఎవుడూ ఇననేదు. దాని నోరు కట్టీసినారు."

గాజు ఫ్యూజుని చిమటాతో పట్టుకుని నా మొహం ముందు పెట్టారు. దాని చుట్టూ నల్లబడిన రాగితీగలు ఒత్తుగా చుట్టి ఉన్నాయి.

"ఈ తీగ కాలదు. అందుకే కొంప కాలినాది. ట్రాన్స్‌ఫార్మరు బొగ్గైపోనాది. ఇది ఎవులు సుట్టినారు?"

నా నోటికి మాట వెంటనే వచ్చేసింది. నలభై అయిదేళ్ళుగా తయారుగా ఉన్న మాట అది.

"మా తమ్ముడండి. చిన్నప్పుడు వాడే వెనక విప్పి ఏదో చేశాడు."

ఆయన ఫ్యూజుని ఒక అగ్గిపెట్టెలో పెట్టారు. "వారం పోయేక రా."

ఆ వారాలు ఎన్నయ్యాయో చెప్పినా ఎవరూ నమ్మరు. ట్రాన్స్‌ఫార్మరు కొత్తగా చుట్టాలి. వెంట్రుక లాంటి తీగ, వేల చుట్లు. చుట్టే మిషనుకి లెక్క చూపే మీటరుండేది గానీ, అది పాడై నాలుగేళ్ళయింది. ఊరందరి వస్తువులూ బాగుచేసే మనిషికి దాన్ని బాగుచేసే తీరిక లేదు. నోటితోనే లెక్కపెట్టేవారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి పిడి తిప్పుతూ పెదాలు కదుపుతున్నారు. వేలెత్తి నన్ను కూర్చోమన్నారు. దగ్గు వస్తే గొంతులోనే మింగాను. అరగంట గడిచింది. ఇంతలో వీధిలోంచి ఎవరో కేకేశారు.

"మావా, నా మోటారైందేటి?"

"నేదు!" అన్నారీయన. అని, పిడి ఆపి, నా వైపు తిరిగారు. "పోనాది. ఎంతలో ఉన్నానో పోనాది. నువ్వు ఎదర కూకున్నావు, అందుకే."

"నేను నోరు మెదపలేదు కదండీ!"

"మెదిపితే బాగుణ్ణు. మెదపకుండా కూకుంటే ఆ సప్పుడే ఎక్కువగుంటాది."

చుట్టిందంతా విప్పడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. "ఓ పది చుట్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందండీ? ఎవరికి తెలుస్తుంది?"

"ఏటీ అవదు. నాకు తెలుత్తాది" అన్నారు.

ఆరోజు తిరుగు బస్సులో నిర్ణయించుకున్నాను, ఈసారి వెళ్తే డబ్బా తెచ్చేసుకోవడమే అని. కానీ నేను వెళ్ళేసరికి ఆయన ఎంతో మర్యాదగా పలకరించారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. టీ తెప్పించారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "కళ్ళు సరిగ్గా అగుపడ్డం నేదు బాబూ. ఈ తీగని ఈ గాజుగొట్టానికి కాసింత సుట్టిద్దూ" అన్నారు. ఏదో సాయం కదా అని చుట్టి ఇచ్చాను.

ఆయన అగ్గిపెట్టె తీసి, అందులోని ఫ్యూజుని బల్ల మీద పెట్టారు. పక్కనే నేను చుట్టింది పెట్టారు. కళ్ళజోడు లేకుండానే.

"ఇది ఇప్పుడు నువ్వు సుట్టినాది. ఇది అప్పుడు మీ తమ్ముడు సుట్టినాది. రెండూ ఒక్కలాగే ఎడమకి తిరిగినాయి సూడు. మీ తమ్ముడిదీ పుర్రచెయ్యేటి?"

మా ఇంట్లో ఎడమచేతివాటం నా ఒక్కడిదే.

"మీరు మెకానిక్కా, పోలీసా?" అని అరిచాను. చెయ్యి తగిలి టీగ్లాసు పడింది. ఆయన భార్య గడపలోంచి లేచి నిలబడింది.

"మోటార్లు సుట్టీవోణ్ణి" అన్నారాయన నెమ్మదిగా. "యాభై ఏళ్ళు అదే సేసినాను. సుట్టు సూత్తే సెయ్యి తెలుత్తాది. మొదటిరోజే డబ్బా ఎనక స్క్రూ సూసినాను. అదీ ఎడమసేత్తో బిగించినాదే."

నేను వచ్చేశాను. నెలన్నర పలాస వైపు చూడలేదు. అయితే ఆ నెలన్నరా ఇంట్లో నాకు వేరే పని జరగలేదు.

జరిగింది ఇదీ. నాన్న పదోతరగతి పేపర్లు దిద్దడానికి శ్రీకాకుళం వెళ్ళారు. ముట్టుకోవద్దన్న రికార్డరు నేను పెట్టాను. టప్ మని ఆగిపోయింది. ఫ్యూజు పోయిందని నాకు తెలుసు, దుకాణానికి వెళ్ళే ధైర్యం లేదు. పాత వైరు గీకి రాగితీగలు తీసి చుట్టి పెట్టాను. పది నిమిషాలు పాడింది. తర్వాత గుంయ్ మంది, పొగ వచ్చింది. ప్లగ్గు పీకి, మూతపెట్టి, ఆటకి వెళ్ళిపోయాను. నాన్న వచ్చి ఎవరు ముట్టుకున్నారని అడిగితే, "తమ్ముడు మొన్న వెనక విప్పాడు" అన్నాను. అది అబద్ధం కాదు. వాడు రెండురోజుల ముందు దుమ్ము తుడుస్తానని నిజంగానే విప్పాడు. ఏ వస్తువు దొరికినా విప్పి మళ్ళీ పెట్టేవాడు. ఏడో తరగతి పిల్లాడు. నాన్న ఆరోజు కొట్టిన దెబ్బలు వారంలో మానిపోయాయి. కానీ "వీడి చెయ్యి తగిలితే వస్తువు బతకదు" అనే మాట మా ఇంట్లో, చుట్టాలిళ్ళలో ఏళ్ళతరబడి తిరిగింది. నవ్వుతూనే అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

చివరికి పలాస వెళ్ళాను. ఆయన ఒక పంపుమోటారులోకి తలదూర్చి ఉన్నారు. ఆయన వీపుతోనే చెప్పాను, మొత్తం. ఏ మాటా మిగల్చకుండా. ఆయన తల బయటికి తీసి విసుక్కున్నారు.

"నాకేల సెప్తావు? నాకు ముందే తెలుసు. తెలీనోడికి సెప్పుకో, ఎల్లు. ఇంకోటి. ఈ డబ్బా నీకియ్యను. మీ తమ్ముడొచ్చి స్విచ్చెయ్యాలి. ఆడేత్తేనే ఇత్తాను."

"అది నా వస్తువండీ!"

"అవును. తీసుకెల్లు" అని పరిచి ఉన్న ముక్కలన్నీ చూపించారు. ఏ ముక్క దేనికి తగిలించాలో నాకేమన్నా తెలుసా? ఇంత మొండి మనిషిని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

మా తమ్ముడు కంచిలిలో కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. నేను వెళ్ళేసరికి లారీకి కాయ ఎక్కిస్తున్నారు. కాయల గుట్ట పక్కన నిలబెట్టి అంతా చెప్పాను, మావ పెట్టిన షరతుతో సహా. వాడు లారీ వైపే చూస్తూ విన్నాడు. నేను ఊహించిన మాటలు రెండున్నాయి. ఒకటి, "నాకప్పుడే తెలుసన్నయ్యా." రెండోది, "పోనీలే, చిన్నప్పటి మాట." రెండూ అనలేదు.

"అయితే అది నా వల్ల కాలనేదా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"దుమ్ము తుడిసినప్పుడు ఒక తీగ కదిలింది. మల్లీ సరిగ్గా పెట్టలేదేమో, అందుకే కాలిందేమో అనుకున్నాను. ఇప్పటిదాకా అదే అనుకుంటన్నాను. ఐటీఐ ఫారం మీద నాన్న సంతకం పెట్టలేదని మీరందరూ అనుకుంటారు. నాను అడగనేదు. నా సెయ్యి మంచిది కాదని నాకే తెలుసు కదా అనుకున్నాను. మా ఇంట్లో బల్బు మార్సాలన్నా మీ మరదలే మారుత్తాది. తెలుసా నీకు?"

తెలియదు. వాళ్ళింటికి ఎన్నోసార్లు వెళ్ళాను. బల్బు ఎవరు మారుస్తారో చూడలేదు.

"ఎల్లిపో అన్నయ్యా. ఇప్పుడు నీతో మాటాడలేను" అన్నాడు. వచ్చేశాను.

తర్వాత ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. మూడు వారాలకి పలాస వెళితే, షాపులో మా తమ్ముడు చొక్కా విప్పి, బనీనుతో కూర్చుని టంకం పెడుతున్నాడు. మావ పక్కన కూర్చుని వాణ్ణి తిడుతున్నారు.

"సల్లగుంది. ఆ జాయింటు సల్లగుంది. ఇప్పీ. మల్లీ ఎయ్యి."

"ఇది అయిదోసారి మావా."

"ఆరోసారి ఎయ్యి. నువ్వు తీగని కాల్సాలి, ఆ తీగ ఏడికి సీసం కరగాలి. నువ్వు సీసాన్ని కాలుత్తన్నావు. బయపడిపోయి సెయ్యి తీసేత్తన్నావు. ఏల బయం?"

"కాలిపోతాదేమోనని."

"కాలిపోతే నానున్నాను కదా. ఇంకోటేత్తాను."

ఆ మాట ఆయన ఎంతో చిరాగ్గా అన్నారు. ఓదార్చినట్టు అస్సలు లేదు. కానీ మా తమ్ముడు తల దించుకున్నాడు. కొంతసేపటికి కానీ మళ్ళీ కడ్డీ అందుకోలేదు. జీడిపప్పు పొట్టు తీస్తున్న ఆవిడ చాట పక్కనపెట్టి లోపలికి వెళ్ళి, వాడికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నాకు ఇవ్వలేదు.

వాడు అప్పటికి నాలుగుసార్లు వచ్చాడట. కంచిలిలో పొద్దున్నే లారీ పంపించి, రైలెక్కి వచ్చేవాడు. కాలిన డయోడు తీసింది వాడే. ఉబ్బిన కండెన్సరు మార్చింది వాడే. మావ మాత్రం ఒక్క వైరూ ముట్టుకోలేదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టి ఇచ్చి, పక్కన కూర్చుని తిట్టడం ఒక్కటే ఆయన చేసిన పని.

చివరిరోజున ముగ్గురం ఉన్నాం. గోడకి వందవాట్ల బల్బు ఒకటి వేలాడేది. ఏ వస్తువుకైనా మొదటిసారి కరెంటు ఆ బల్బు గుండానే ఇచ్చేవారు. లోపల తప్పుంటే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతుంది. వస్తువు కాలదు. మావ రికార్డరుని దానికి తగిలించి, మా తమ్ముడి వైపు చూశారు.

"ఎడమసెయ్యి ఎనక్కెట్టు."

వాడు పెట్టాడు. స్విచ్చు మీద వేలు పెట్టి ఆగాడు. నేను ఏదో అనబోతే మావ నా వైపు కళ్ళెర్రజేశారు. వాడు స్విచ్చు వేశాడు. బల్బు భగ్గుమంది. మా తమ్ముడు "అయ్యో" అన్నాడు. అనేలోపలే బల్బు తగ్గి, తగ్గి, తీగ మాత్రం ఎర్రగా కనిపించేటంత సన్నగా నిలబడింది. చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి.

నాన్న రికార్డు చేసిన టేపు ఒకటి మిగిలుంది గానీ, ఉప్పుగాలికి బూజుపట్టి పొడిపొడిగా రాలిపోయింది. అందులోంచి ఏ పద్యమూ రాలేదు. నాకు ఉసూరుమనిపించింది. మావకి అదేమీ పట్టలేదు. టేపు తీసేసి, సౌండు పూర్తిగా పెంచి, స్పీకరు దగ్గర చెవి పెట్టమన్నారు.

"ఇను. ఏటైనా ఇనపడతందా?"

"ఏమీ వినబడటం లేదండి."

"అదీ! గుంయ్ నేదు. ఒక్క పిసరు నేదు. ఇంత పెంచితే ఎలాటి మిషనైనా మూలుగుతాది. ఇది మూలగడం నేదు. కరెంటంతా సుబ్బరంగా ఉంది లోన." మా తమ్ముడి వీపు మీద చరిచారు. "ఈ పని నాది కాదు. ఈడిది."

ఆ తర్వాత వెంటనే వీధి వైపు తిరిగి, అరుగు మీద కూర్చున్న రైతుని "నీదేటి? మోటారు ఎలాగ ఆగినాది? సప్పుడొచ్చిందా?" అని మొదలుపెట్టారు. మేమిద్దరం అక్కడ ఉన్నామన్న సంగతే మర్చిపోయారు. ఇంత చేసిన మనిషికి రెండు మంచిమాటలు చెబుదామని నిలబడ్డాను. ఆ రైతు నోటితో చప్పుడు చేస్తున్నాడు. ఈయన చెవి ఒగ్గి వింటున్నారు. పావుగంట చూసి, విసుగొచ్చి బయల్దేరాను. అదే ఆయన్ని ఆఖరుసారి చూడటం.

రికార్డరు మా తమ్ముడే మోశాడు. నా చేతికివ్వలేదు, నేను అడగలేదు. బస్టాండులో ఇచ్ఛాపురం వైపు బస్సు ఒక పక్కన, టెక్కలి బస్సు ఇంకో పక్కన ఉన్నాయి. వాడు ఇచ్ఛాపురం బస్సెక్కాడు. డబ్బా సీట్లో పెట్టి, దాని చుట్టూ తువ్వాలు సర్ది, మళ్ళీ కిందికి దిగొచ్చాడు.

"అన్నయ్యా, నీ మీద కోపం పోనేదు" అన్నాడు.

"ఊఁ."

"పోతాదో పోదో నాకు తెలీదు. ఆదివారం ఇంటికి రా. ఆ తర్వాత ఆదివారం కూడా రా. పోయినరోజు నానే సెప్తాను."

వాడి బస్సు కదిలింది. రెండేళ్ళవుతోంది. ప్రతి ఆదివారం పొద్దున్నే కంచిలి వెళ్తున్నాను. వాడు ఇంకా ఏమీ చెప్పలేదు.